ఛాతీకి ఒక సైజు, పొడవుకి ఇంకొకటి

మా అమ్మాయికి పొడవు చూసి గౌను కొంటే ఛాతీ దగ్గర వదులుగా వేలాడుతుంది. ఛాతీ చూసి కొంటే అంచు మోకాలు దాటి పైకెక్కుతుంది. సన్నగా పొడుగ్గా ఉండే పిల్లలున్న ఇళ్లలో ఇది మామూలే. కానీ పరాయి దేశంలో పెరుగుతున్న పిల్లకు విషయం అక్కడితో ఆగదు. పేరు వేరు, జుట్టు వేరు, రంగు వేరు అని రోజూ ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు. చివరికి బట్టల మీద చీటీ కూడా "నువ్వు ఈ లెక్కలోకి రావు" అంటే, ఆ పిల్ల దాన్ని చీటీలో లోపం అనుకోదు, తన ఒంట్లో లోపం అనుకుంటుంది. "అమ్మా, నా సైజు ఎందుకు చెయ్యరు?" అని అడిగినప్పుడు ఓదార్పు మాటలు చాలవనిపించింది. అసలు సైజు అనేది ఎక్కణ్ణుంచి పుడుతుందో దానికి కళ్లారా చూపించాలనుకున్నాను. మా ఇంట్లో సొంతంగా గీసి అమ్ముకునే స్వతంత్ర డిజైనర్ల ప్యాటర్న్‌లతో బట్టలు కుట్టడం అందుకే మొదలైంది.

ప్యాటర్న్ అంటే మన టైలర్లు పేపర్ కటింగ్ అనేదే. ముందు భాగం, వెనక భాగం, చేయి, మెడపట్టీ, జేబు, అన్నీ కాగితం మీద గీసి ఉంటాయి. తేడా ఏమిటంటే, ఒకే ముక్క మీద ఏడెనిమిది సైజుల గీతలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒకటి చుక్కలతో, ఇంకొకటి చిన్న గీతలతో, మరొకటి వేరే రంగులో. ఆ కాగితం మొదటిసారి బల్ల మీద పరిచినప్పుడు మా అమ్మాయి వేలితో ఒక గీత వెంట వెళ్లి, నడుము దగ్గర పక్క గీత మీదికి జరిగి, "ఇలా మారొచ్చా?" అంది. మారొచ్చు. చంక దగ్గర చిన్న సైజు గీత మీద బయల్దేరి తుంటి దగ్గరికి వచ్చేసరికి పెద్ద సైజు గీతలో మెల్లగా కలిసిపోవచ్చు. పొడవు పెంచాలంటే నడుముకు కాస్త పైన "ఇక్కడ పెంచండి, తగ్గించండి" అని ఒక అడ్డగీత ఉంటుంది. అక్కడ కాగితాన్ని కత్తిరించి, రెండు ముక్కల్నీ కావలసినంత దూరం జరిపి, మధ్యలో ఇంకో కాగితం అతికిస్తే సరి. ఛాతీకి ఒక సైజు, పొడవుకి ఇంకొకటి. నేను ఎంత చెప్పినా దానికి ఎక్కనిది ఆ అతికించిన కాగితం చెప్పింది.

సైజుల చరిత్ర కూడా దానికి చెప్పాను. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లో రకరకాల సైజుల్లో కాగితపు ప్యాటర్న్‌లు అమ్మకానికి పెట్టాడు. అంతకుముందు దొరికేవి చాలావరకు ఒకే కొలతకు గీసినవి, ఎవరికి కావలసినట్టు వాళ్లే పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. అంటే సైజు ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఎవరో కూర్చుని నిర్ణయించారు. ఇప్పటికీ ఎవరో నిర్ణయిస్తూనే ఉన్నారు, అది కూడా ఒక్కొక్కరు ఒక్కోలా. అమెరికాలో పిల్లల బట్టలకు వయసే సైజు పేరు. యూరప్‌లో 104, 110, 116 అని ఆరేసి సెంటీమీటర్ల చొప్పున ఎత్తే సైజు పేరు. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది. "నీ వయసుకి నువ్వు చిన్నగా ఉన్నావు" అనే మాట అందులో రాదు. ఎత్తు కొలిచారు, రాశారు, అంతే.

మన ఇళ్లలో నేను చూసిన కుట్టుపనికి అసలు సైజే లేదు. ఆది జాకెట్టు ఇస్తారు, దాన్ని చూసి కొత్తది కుడతారు. లేదా మనిషిని నిలబెట్టి భుజం, ఛాతీ, నడుము, చేయి పొడవు, చేయి లూజు, మెడ లోతు ఒక కాగితం మీద రాసుకుంటారు. "నీది ఏ సైజు?" అని మా అమ్మ ఎవరినీ అడగడం నేను వినలేదు. పిల్లలకు ఈ రెండు పద్ధతులూ తెలియాలని నా పట్టుదల. ప్యాటర్న్ మాత్రమే తెలిస్తే గీతలకు లొంగిపోతారు. ఆది మాత్రమే తెలిస్తే ఆ ఆదిలో ఉన్న బట్ట తప్ప కొత్తది కుట్టలేరు.

ఈ రెండూ కలిసిన రోజు ఒకటి బాగా గుర్తుంది. చొక్కా చేతి ముక్కలు రెండూ కత్తిరించాక ఏది ఎటు వైపుదో చూస్తున్నాం. మా అమ్మాయి గాట్లు చూసి చెప్పింది. ముందు వైపు ఒకే గాటు, వెనక వైపు జంట గాట్లు, ప్యాటర్న్‌లలో ఎక్కువగా అదే పద్ధతి. ఫోనులో వీడియో కాల్‌లో ఉన్న అమ్మమ్మకు ఆ గాట్ల సంగతి తెలియదు. ఇంగ్లీషు సూచనలు ఆవిడ చదవదు. అయినా ముక్క ఇటు తిప్పు, అటు తిప్పు అని చూసి, "ఇదేనే ముందు, చంక దగ్గర లోతు ఎక్కువుంది చూడు" అంది. ఇద్దరూ ఒకే వైపు చూపించారు. లోతు ఎందుకు ఎక్కువ అని పిల్ల అడిగితే ఆవిడ తన చేతిని ముందుకు చాపి, వెనక్కి తోసి చూపించింది. మన చేతులు ఎక్కువగా ముందుకే కదులుతాయి. అందుకే ముందు వైపు గుడ్డ అడ్డం రాకుండా లోతుగా కోస్తారు, చేయి చాపితే వెనక బిగుసుకోకుండా అక్కడ గుడ్డ కాస్త ఎక్కువ ఉంచుతారు. ఏ సూచనల పుస్తకంలోనూ ఈ వివరణ మాకు ఇంత సూటిగా దొరకలేదు.

కుట్టేటప్పుడు పిల్లలతో తెలుగు మాట్లాడమని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పట్టుకో, మడవు, తిప్పెయ్, కొస కలుపు, దారం తెంపు, అక్కడ విప్పెయ్. చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు ఏ మాట ముందు తగిలితే ఆ మాటే వస్తుంది. వాళ్లూ తిరిగి అదే మాటతో అడుగుతారు.

ప్యాటర్న్ ఎంచుకోవడంలో నేను పట్టుబట్టే సంగతులు కొన్నున్నాయి. కొలతల పట్టిక రెండు రకాలుగా ఉండాలి: పిల్ల ఒంటి కొలతలు, కుట్టడం పూర్తయ్యాక బట్ట కొలతలు. రెంటికీ మధ్య తేడాయే ఈజ్, ఊపిరి తీసుకోవడానికీ చేతులెత్తడానికీ ఉంచే వదులు. ఆ రెండో పట్టిక లేకపోతే బట్ట ఒంటికి అంటుకుంటుందో గోనెసంచిలా ఉంటుందో కుట్టేదాకా తెలియదు. ఫోటోలతో పాటు గీత బొమ్మ ఉండాలి, ఎందుకంటే పూల గుడ్డ మీద కుట్లు ఎక్కడున్నాయో ఫోటోలో కనబడదు. ఒకే పిల్లకు వేసి తీసిన ఫోటోలతో సరిపెట్టిన ప్యాటర్న్ నేను కొనను. మంచి డిజైనర్లు విడుదలకు ముందే వేర్వేరు ఒంటితీరుల వాళ్లతో కుట్టించి చూస్తారు, ఆ ఫోటోలన్నీ పెడతారు. మా అమ్మాయి ముందు వాటినే వెతుకుతుంది, తనలాంటి రంగూ తనలాంటి సన్నని చేతులూ ఉన్న పిల్ల అందులో ఉందా అని.

స్వతంత్ర డిజైనర్ల దగ్గర నాకు ఎక్కువ నచ్చేది, ఎవరి కోసం గీశామో దాచకుండా చెప్పడం. పెద్దవాళ్ల ప్యాటర్న్‌లలో ఎక్కువ భాగం బ్రా సైజుల్లో బి కప్పు అనే కొలతకు గీసినవి. ఆ కొలతకు మించిన వాళ్లు ప్రతిసారీ కాగితం కోసి పెంచుకోవాలి. జెన్నీ రష్‌మోర్ స్థాపించిన క్యాష్మెరెట్ సంస్థ ఆ పెద్ద కప్పు సైజులకే విడివిడిగా ముక్కలు గీసి ఇస్తుంది. పిల్లలకైతే లీస్ల్ గిబ్సన్ గీసే ఆలివర్ అండ్ ఎస్ ప్యాటర్న్‌లు కొత్తగా నేర్చుకునేవాళ్లకు నిశ్చింతగా చెప్తాను. ఒక్కో మెట్టూ ఓపికగా రాసి ఉంటుంది, చదవడం వచ్చిన పిల్ల పక్కన కూర్చుని చదివి వినిపించగలదు. ఫిన్లాండు పత్రిక ఒటొబ్రె, జర్మనీ పత్రిక బుర్దా మాత్రం కుట్టుకు గుడ్డ కలపకుండానే గీస్తాయి. మనమే చుట్టూ మార్జిన్ కలుపుకుని కత్తిరించాలి. ఏ ప్యాటర్న్‌లోనైనా మొదటి పేజీలో చూడాల్సింది అదే.

పీడీఎఫ్‌గా కొన్నవాటిని ఇంట్లో ప్రింట్ తీసేటప్పుడు కాగితానికి సరిపెట్టే ఎంపిక తీసేసి అసలు సైజులోనే తియ్యాలి. కొలత సరిచూసుకోవడానికి ఒక పేజీలో చతురస్రం గీసి ఉంటుంది, ముందు ఆ పేజీ ఒక్కటే తీసి స్కేలు పెట్టి కొలవాలి. ఆ కొలిచే పని మా అబ్బాయిది. అర మిల్లీమీటరు తేడా ఉన్నా ఒప్పుకోడు.

మార్జిన్ దగ్గర మాత్రం నేను ప్యాటర్న్ మాట వినను. పెద్ద కంపెనీల ప్యాటర్న్‌లు ఎక్కువగా కుట్టుకు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు వదులుతాయి, స్వతంత్ర డిజైనర్లు చాలామంది అంతకన్నా తక్కువే. అంత మాత్రం వదిలితే పెరిగే పిల్ల బట్ట ఒక్క ఏడాది కూడా రాదు. మన టైలర్లు జాకెట్టు పక్కల్లో అంగుళం పైన లోపల ఉంచేది తర్వాత విప్పి వదులు చేసుకోవడానికే. నేను పక్క కుట్టులోనూ కింది మడతలోనూ అదనంగా వదులుతాను. చంక, మెడ వంపుల్లో మాత్రం వదలను, అక్కడ గుడ్డ ఎక్కువైతే లాగుతుంది, ముడతలు పడుతుంది.

పాత చీరతో ఈ ప్యాటర్న్‌లు కుట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. చీరలో పడుగు, అంటే నిలువు దారాలు, అంచు వెంట పొడవునా ఉంటుంది. ప్యాటర్న్ మీద బాణం గుర్తు మామూలుగా ఆ పడుగు వెంటే పెట్టాలి. కానీ చీర అంచు గౌను అడుగున రావాలంటే ముక్కని అడ్డంగా తిప్పి, బాణాన్ని పేక, అంటే అడ్డదారాల వెంట పెట్టక తప్పదు. అలా పెట్టినప్పుడు అడుగు భాగం తిన్నగా ఉన్న కుచ్చుల గౌనుకే అంచు నిలుస్తుంది. గొడుగులా వంపు తిరిగే గౌనుకు తిన్నటి అంచు రాదు. చీర వెడల్పు సుమారు 45 అంగుళాలు, పిల్లల గౌనుకు అది ధారాళం. కత్తిరించే ముందు గుడ్డని వెలుతురుకు పట్టి చూడాలి. ఏళ్ల తరబడి మడత పడ్డచోట నేత పల్చబడి ఉంటుంది.

ఒక గౌనుకు చీర అంచు అడుగున వేద్దామని నేనంటే, మా అమ్మాయి లోపల జేబుకూ మెడపట్టీకీ వెయ్యమంది. బయట ఉంటే ఎక్కడిది, ఏమిటి అని ప్రతివాళ్లూ అడుగుతారట, రోజూ జవాబు చెప్పే ఓపిక లేదట. నాకు కష్టంగానే అనిపించింది కానీ దాని మాటే ఉంచాను. స్కూల్లో రోజంతా తన గురించి వివరించుకునే భారం ఎంతో నాకన్నా దానికే తెలుసు. తర్వాత ఇంకో గౌనుకు తనే వచ్చి అంచు అడుగున పెట్టమంది. దేనికి లోపల, దేనికి బయట అనేది దాని ఇష్టం. కొన్న బట్టల్లో ఈ ఎంపిక ఉండదు.

మా అబ్బాయికి కుట్టుపని అంటే జేబులే. సాగే నడుముపట్టీ ఉన్న పైజామా ప్యాటర్న్‌తో మొదలుపెట్టాడు. మగపిల్లాడికి మిషను నేర్పడమేంటి అని అడిగిన బంధువులకు మన ఊళ్లలో దర్జీలు ఎవరో ఒకసారి తలుచుకోమన్నాను.

మా తెలుగు వాట్సాప్ గుంపుల్లో "ఆ పీడీఎఫ్ ఇలా పంపవా వదినా" అనే మాట తరచుగా వస్తుంది. నేను పంపను. గుంపులో కాస్త ముఖం మాడ్చుకున్నా సరే. ఒక్క మనిషో ఇద్దరో నెలల తరబడి గీసి, ప్రతి సైజూ కుట్టించి చూసి అమ్మే ప్యాటర్న్ అది. వాళ్లకు బతుకుదెరువు. డబ్బు పెట్టలేని వాళ్లకు ఉచితంగా ఇచ్చే మంచి ప్యాటర్న్‌లు ఉన్నాయి, వాటి వివరాలు అడిగిన వాళ్లందరికీ పంపుతాను. ఫ్రీసూయింగ్ అని ఒక వెబ్‌సైటుంది, ఓపెన్ సోర్సు, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. దానికి సైజులతో పనే లేదు, మన కొలతలిస్తే ఆ కొలతలకే ప్యాటర్న్ గీసి ఇస్తుంది.

మా అమ్మాయి ఇప్పుడు దానితో అమ్మమ్మకు స్వెట్‌షర్ట్ కుట్టే పనిలో ఉంది. ఆది జాకెట్టు కొలతలు పంపుతానంది ఆవిడ. అవి పనికిరావు, ఆదిలో వదులు కూడా కలిసే ఉంటుంది, ఇక్కడ ఒంటి కొలతలే ఇవ్వాలి అని పిల్ల ఆవిడకు వివరించి, టేపు పట్టుకుని ఫోను ముందు నిలబడమంది. భుజం నుంచి మణికట్టు, ఛాతీ చుట్టూ, మెడ చుట్టూ అని ఒక్కొక్కటీ చదివి రాసుకుంటోంది. "లోపల రెండంగుళాలు వదులు, ఎందుకైనా మంచిది" అంటోంది ఆవిడ. ఇది సాగే గుడ్డ అమ్మమ్మా, అంత అక్కర్లేదు అని మా అమ్మాయి. ఆ చర్చ ఇంకా తేలలేదు.