నిద్రపోతోందన్నారు

2001లో మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో నాకు కాలేయానికి సోకే హెపటైటిస్-బి వైరస్ ఉన్నట్టు తేలింది. పురుడు పోసిన డాక్టరమ్మగారు బిడ్డ పుట్టిన కొద్ది గంటల్లోనే టీకాను, వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాలుండే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్‌ను దగ్గరుండి వేయించి, తరువాతి మోతాదుల తేదీలు తానే చీటీ మీద రాసిచ్చారు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశంలోనే తయారైన టీకాను తెచ్చాక దాని ధర మాలాంటి వారికి అందేలా దిగింది. ఈనాడు నా కూతురి రక్తంలో ఆ వైరస్ లేదు. ఆ డాక్టరమ్మగారి రుణం నేను తీర్చుకోలేను.

ఆవిడ పంపగా వెళ్ళిన ఒక పెద్ద వైద్యుడు మాత్రం నా కాగితాలు తిరగేసి, "కాలేయం పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. వైరస్ నిద్రపోతోందమ్మా, ఇక మళ్ళీ రానక్కరలేదు" అన్నారు. ఆ మాటను నేను వరంలా ఇంటికి తెచ్చుకున్నాను. ఆరు నెలలకొకసారి కాలేయానికి స్కానింగు చేయించుకోవాలన్న ఒక్క వాక్యం ఆయన చెప్పి ఉంటే ఇరవై ఒక్క సంవత్సరాలు నేను అంత నిశ్చింతగా ఉండేదాన్ని కాదు.

2022 కార్తిక మాసంలో, కడుపునొప్పికి పిత్తాశయంలో రాళ్ళు కారణమేమోనని స్కానింగు చేయిస్తే, కాలేయం కుడివైపున మూడు సెంటీమీటర్ల కణితి కనిపించింది. కాలేయం మచ్చలు పడి గట్టిపడే సిర్రోసిస్ లేదు, కామెర్లు ఎన్నడూ రాలేదు. మిగిలిన పరీక్షలు, సంతకాలు, హైదరాబాదు ప్రయాణం పదిహేను రోజుల్లో ముగిసి, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.

ముందురోజు రాత్రి మా అమ్మ నా పక్కన బల్ల మీద పడుకుంది. ఆ సాయంత్రం వరండాలో ఒక కుర్ర డాక్టరు తోటివారితో "ఇది తల్లి నుంచి వచ్చిన కేసు" అనడం ఆవిడ చెవిన పడింది. దీపాలు ఆర్పిన చాలాసేపటికి, "అమ్మాయీ, మెలకువగానే ఉన్నావా? ఇది నా వల్లే వచ్చిందటగా తల్లీ?" అని అడిగింది. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ జన్యువుల పాఠాన్ని కొన్ని వందలసార్లు చెప్పిన నాకు ఆ క్షణాన నోరు పెగలలేదు. నేను పుట్టిన 1973 నాటికి ఈ వ్యాధికి టీకాయే లేదని, మొదటి టీకాకు అమెరికాలో అనుమతి వచ్చింది 1981లోనని, ఇందులో ఆవిడ తప్పు లేదని చెప్పడానికి నాకు తెల్లవారుజాము దాకా పట్టింది. కణితి కంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ భయపెట్టింది. వినేవారు ఎవరున్నారో చూడకుండా మాట్లాడిన ఆ కుర్రవాడి మీద నాకు కోపం ఇంకా పోలేదు.

ఆపరేషన్ అయిన పదో రోజున కాలేయ నిపుణుడు డిశ్చార్జి కాగితం వెనుక బొమ్మ గీసి అసలు విషయం చెప్పారు. ఈ వైరస్ డీఎన్‌ఏ సుమారు 3,200 జతల అక్షరాల చిన్న వలయం. అది తన నకళ్ళు తయారు చేసుకునేటప్పుడు కొన్ని వలయంగా ముడిపడక తిన్నని పోగులుగా మిగిలిపోతాయి. కాలేయ కణంలోని మన క్రోమోజోమ్ ఎక్కడైనా తెగితే, ఆ తెగిన చోటును అతికించే యంత్రాంగం పొరపాటున ఈ పోగును కూడా కలిపి కుట్టేస్తుంది. దీనివల్ల వైరస్‌కు ఒరిగేదేమీ లేదు, అక్కడి నుంచి కొత్త వైరస్ పుట్టదు. మన కణానికి మాత్రం అది చెరగని రాత. ఇలాంటి అతుకులు ఎక్కువ భాగం ఏ హానీ చేయకుండా పడి ఉంటాయి. కొన్ని మాత్రం టెర్ట్ అనే జన్యువు పక్కన చేరతాయి. పెద్దవారి కాలేయ కణాల్లో దాదాపు అణిగి ఉండే ఆ జన్యువు మేల్కొంటే కణాన్ని ముసలిది కానివ్వని టెలోమెరేజ్ అనే ఎంజైము తయారై, కణానికి విభజనల లెక్క ఉండదు.

"ఈ అతుకు పడటం వైరస్ సోకిన తొలినాళ్ళలోనే మొదలవుతుందండీ, కొందరికి సిర్రోసిస్ లేకుండానే క్యాన్సర్ రావడానికి ఇదొక కారణం" అన్నారాయన. అంటే నేను పలక పట్టకముందే నా కాలేయంలో ఆ రాత పడి ఉండవచ్చు. నిద్రపోతోందన్న వైరస్ ఏం చేసిందో నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు రోజూ వేసుకునే టెనోఫోవిర్ బిళ్ళ కొత్త వైరస్‌ను అణచిపెడుతుందే కానీ అతుక్కుపోయిన ముక్కను తీసేయలేదు. అందుకే రక్తంలో వైరస్ కనిపించడం లేదన్న నివేదిక చేతిలో ఉన్నా స్కానింగు మానకూడదు. ఈ మాట చదువుతున్న వారిలో ఎవరికి హెపటైటిస్-బి ఉన్నా దయచేసి గుర్తుంచుకోండి, పసరు మందుల వారి గుమ్మం తొక్కకండి, మీ తోబుట్టువులకూ పరీక్ష చేయించండి.

మా తమ్ముడికీ ఉందని ఆ తరువాతే తెలిసింది. తనకేమీ కాదని ఏడాదిపాటు మొండికేశాడు. అమ్మ అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకుంది, నేను రోజూ ఫోన్ చేసి పోరాను. ఎవరి మాట పనిచేసిందో కానీ నిరుడు మొదటిసారి వచ్చాడు, స్కానింగు శుభ్రంగా వచ్చింది. వచ్చే నెల ఆరో తేదీన మా ఇద్దరికీ ఒకే పూట పిలుపుంది. అమ్మ కూడా వస్తానంటోంది.