పద్యంలో ఊపిరి ఎక్కడ? తెనాలి వేసవి నాటక శిబిరంలో నాలుగు వారాలు

పద్యం పాడమంటే మా అమ్మాయి బడిలో నేర్పినట్టే పాడింది. నాలుగు పాదాలు, నాలుగు ఊపిర్లు. ప్రతి పాదం చివర ఆగడం, మళ్ళీ ఎత్తుకోవడం. మాస్టారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. "గొంతు బాగుందమ్మా. ఇప్పుడు ఈ పద్యంలో ఎవరు, ఎవరితో, ఏమంటున్నారో చెప్పు" అన్నారు. తను చెప్పలేకపోయింది. పక్కన కూర్చున్న నేనూ చెప్పలేకపోయాను. ఇద్దరం ఎన్నిసార్లు విన్న పద్యమో అది.

2025 ఏప్రిల్ 16న తెనాలిలో జరిగిన ప్రవేశ పరీక్ష అది. కందుకూరి వీరేశలింగం జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం కాబట్టి ఆ రోజునే పిల్లలను పిలిపించారు. ఎనిమిదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ వరకు ఎవరైనా చేరవచ్చు. ఉదయం ఎనిమిదికి రావాలి, సాయంత్రం నాలుగుకు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఏప్రిల్ 28 నుంచి మే 25 వరకు నాలుగు వారాలు, చివరి ఆదివారం ప్రదర్శన. రుసుము మూడు వేలు, దుస్తుల అద్దె వేరు. మేముండేది గుంటూరులో. నేను ఒక పాఠశాలలో లెక్కలు చెబుతాను కాబట్టి వేసవి సెలవులు నాకూ ఉన్నాయి. పాసింజరు బండిలో రోజూ వెళ్ళి రావచ్చని ధైర్యం చేశాం.

పరీక్షలో అందరినీ తీసుకున్నారు. అది ఎంపిక కోసం కాదు, శ్రుతి, అంటే ఎవరి గొంతుకు ఏ ఎత్తు నప్పుతుందో, తెలుసుకోవడానికి. హార్మోనిస్టు గారు ఒక్కో పిల్లను కూర్చోబెట్టి, కింది షడ్జమం, అంటే 'స', ఎక్కడ హాయిగా నిలుస్తుందో, పైన ఎక్కడ గొంతు బిగుసుకుంటుందో చూసి పేరు పక్కన రాసుకున్నారు. మా అమ్మాయికి ఐదు శ్రుతి అని రాశారు. ఆ అంకెకు ఎంత విలువ ఉందో నాకు రెండో వారంలో గాని తెలియలేదు.

ఇరవై ఇద్దరు పిల్లలను రెండు జట్లు చేశారు. పన్నెండు దాటినవారికి కృష్ణ రాయబారంలోని పడక సీను, అంటే యుద్ధంలో సాయం కోరి సుయోధనుడు, అర్జునుడు నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి వచ్చే ఘట్టం, తిరుపతి వెంకట కవుల పద్యాలతో, అరగంటకు కుదించినది. చిన్నవాళ్ళకు పాటలతో నడిచే ఒక జానపద కథ. ఈ చిన్న జట్టు విషయంలో నాకు మొదటి వారం బాధ కలిగింది. ఎనిమిదేళ్ళ పిల్లలను నాలుగు దాకా కూర్చోబెట్టారు. మధ్యాహ్నం తరువాత వాళ్ళకు చెప్పేవారు లేరు. ఎండకు వాడిపోయి, ఏడుపు ముఖాలతో గోడకు ఆనుకుని కూర్చునేవారు. తల్లిదండ్రులం ఐదుగురం కలిసి వెళ్ళి మాట్లాడాక చిన్నవాళ్ళను ఒంటిగంటకే పంపడం మొదలుపెట్టారు. పిల్లలను ఇలాంటి శిబిరంలో చేర్పించే వారెవరైనా ఈ సంగతి మొదటి రోజే అడగాలని నా గట్టి అభిప్రాయం. ఏ వయసు వారికి రోజు ఎక్కడ ముగుస్తుంది? భోజనం తరువాత వాళ్ళ దగ్గర ఎవరుంటారు?

మా అమ్మాయి కృష్ణుడు కావాలనుకుంది. ఇచ్చింది అర్జునుడు. పద్యాలు మూడే. మిగతా సమయమంతా నిద్రపోతున్న కృష్ణుడి కాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఆ సాయంత్రం బండిలో తను అంగలకుదురు నుంచి వేజెండ్ల దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వస్తే మా అత్తగారు మరో ప్రశ్న వేశారు. "ఆడపిల్లకు అర్జునుడి వేషమేమిటమ్మా?" మా నాన్నగారు ఫోనులో ఆ మాట విని, "మన బాపట్ల స్థానం నరసింహారావు గారు మగవాడై ఉండి సత్యభామగా జనాన్ని మెప్పించలేదా? పద్మశ్రీ ఇచ్చింది ఆ వేషాలు చూసే కదా! ఇది మాత్రం ఎందుకు కాకూడదు?" అన్నారు. అత్తగారు కాసేపు ఆలోచించి, "అయితే మీసం మాత్రం పలచగా పెట్టమను" అన్నారు. ఆ తరువాత మమ్మల్ని పొద్దున ఐదున్నరకు లేపి టిఫిను కట్టి ఇచ్చింది ఆవిడే.

ఇక అసలు విషయం. మాస్టారు మొదటి ఐదు రోజులు రాగం ముట్టుకోనివ్వలేదు. పద్యాన్ని కాగితం మీద రాసుకోమన్నారు. పాదాలుగా కాదు, ఉత్తరం రాసినట్టు వరసగా. తరువాత పదాలు విడదీయడం, ఏ క్రియ ఎవరిదో చూసుకోవడం. ఆ తరువాత పెన్సిలు. కొంచెం ఆగవలసిన చోట ఒక గీత, నిండుగా ఊపిరి తీసుకునే చోట రెండు గీతలు, రాగం తీయదగిన అక్షరం చుట్టూ సున్నా.

లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి ఇక్కడ నాకు ప్రాణం లేచివచ్చింది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. చంపకమాలలో పాదానికి 21, మొత్తం 84. పాదం గణాల లెక్క పూర్తయిన చోట ముగుస్తుంది. మాట అక్కడే ముగియాలని లేదు. సగం మాట ఈ పాదంలో ఉండి, మిగతా సగం తరువాతి పాదంలో పడవచ్చు. పాదం చివర ఆగితే మాట విరుగుతుంది, వినేవాడికి అర్థం జారిపోతుంది. యతి అంటే ఆగే చోటు అని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. తెలుగులో అది కాదట. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం, పాదం మొదటి అక్షరంతో మైత్రి కలపాలి, అంతే. చెవికి ఆ కలయిక వినబడాలి గాని గొంతు అక్కడ ఆగనక్కరలేదు. ఈ ఒక్క మాట నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పద్యాలను బట్టీ పట్టి మరిచిపోయే బాధ తప్పేది.

బండిలో మా పని అదే. తను గీతలు పెడుతుంది, నేను ఆ గీతల ప్రకారం వచనంలా చదువుతాను. అర్థం తెగిన చోట తనే "అమ్మా, ఆగు" అంటుంది. రబ్బరుతో చెరిపి మళ్ళీ పెడుతుంది. ఒక పద్యానికి మూడు రోజులు పట్టింది. మరుసటి రోజు మాస్టారు ఆ కాగితం చూసి, ఒక గీత చెరిపి, "ఇక్కడ ఊపిరి తీసుకుంటే అర్జునుడు అడుక్కుంటున్నట్టు ఉంటుంది. తీసుకోకుండా సాగితే నిర్ణయం చెబుతున్నట్టు ఉంటుంది. నీ అర్జునుడు ఏది చేస్తాడు?" అని అడిగారు. తను రెండు విధాలా చదివి చూసి, చెరిపిన గీతను అలాగే వదిలేసింది.

రెండో వారం రాగాలు మొదలయ్యాయి. అక్కడే తప్పు జరిగింది, అందులో నా పాలు ఎక్కువ. కృష్ణుడు వేసిన పదహారేళ్ళ అమ్మాయి ఆరు శ్రుతిలో అవలీలగా పాడుతుంది. హాలంతా మారుమోగుతుంది. మా అమ్మాయి ఇంట్లో ఫోనులో తంబూరాను ఆరుకు పెట్టుకుని సాధన చేస్తానంటే, మంచిదే అనుకున్నాను. గురువారానికి గొంతు బొంగురుపోయింది. హార్మోనిస్టు గారు ఒక్క మాట పలికించి, పుస్తకం తెరిచి ఐదు అంకె మీద వేలు పెట్టి చూపించారు. "మైకులు లేని రోజుల్లో చివరి వరుసకు వినబడాలని హెచ్చు శ్రుతిలో పాడారు తల్లీ. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఎదిగే గొంతు ఇది, దీనిని లాగకూడదు" అన్నారు. రెండు రోజులు మాట వద్దు, గుసగుస అసలే వద్దు, గోరువెచ్చని నీళ్ళు తాగుతూ ఉండు అన్నారు.

ఆ రెండు రోజులూ తను పలక పట్టుకుని తిరిగింది. సాధనలో మాత్రం కాళ్ళ దగ్గర కూర్చోవడం మానలేదు. మాస్టారు ప్రతి పద్యం అయ్యాక తనను అడిగేవారు: "సుయోధనుడు ఏ మాట అన్నప్పుడు నీకు కోపం వచ్చింది?" పలక మీద ఆ మాట రాయాలి. మొదట తోచింది రాసింది. మూడోసారికి సరిగ్గా విని రాసింది. నాలుగోసారికి రాయకముందే ఆ మాట దగ్గర తన మెడ కొంచెం తిరగడం నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. కృష్ణుడి వేషం దక్కలేదన్న దిగులు ఆ రోజుతో పోయిందనుకుంటాను. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

సుయోధనుడు వేసిన పదిహేనేళ్ళ అబ్బాయిది మరో కష్టం. గొంతు మారుతున్న వయసు. శిబిరం మొదట్లో ఒక తీరు, మూడో వారానికి ఇంకో తీరు. పై స్వరం ఎత్తుకోగానే గొంతు చీలిపోయేది, మిగతా పిల్లలు నవ్వేవారు. మాస్టారు నవ్విన వాళ్ళను గట్టిగానే మందలించారు. హార్మోనిస్టు గారు అతని శ్రుతిని ఒకటిన్నరకు దించి, పై షడ్జమం దాటే రాగాలాపన అంతా తీసేసి, పద్యాన్ని మంద్రంలో నడిపించారు. సుయోధనుడికి ఆ బరువు ఎంత చక్కగా అమరిందో! ఒకే సీనులో ఐదు శ్రుతి అర్జునుడు, ఆరు శ్రుతి కృష్ణుడు, ఒకటిన్నర సుయోధనుడు. హార్మోనియం ఒక్కటే. మధ్యలో మాటలు నడుస్తుండగా ఆయన వేళ్ళు మెల్లగా రాబోయే వారి శ్రుతిలోకి జరిగేవి. అది అందుకోవడం పిల్లలకు నేర్పడానికే దాదాపు వారం పట్టింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోతే, హార్మోనియానికి కరెంటుతో పనేముందని సాధన ఆపలేదు. మేం తల్లులం అట్టలతో విసురుతూ నిలబడ్డాం.

దుస్తుల గురించి తెలుసుకోవలసింది ఒకటే: ముందుగా తెచ్చుకోవాలి. అద్దె దుకాణంలో ఉన్నవన్నీ పెద్దవాళ్ళ కొలతలు. కిరీటం మా అమ్మాయి కనుబొమల మీదకు జారింది. లోపల పాత నూలు చీర పట్టీలు చుట్టి బిగించాం. అయినా కృష్ణుడి పాదాలకు నమస్కరించేటప్పుడు వంగితే పడుతుంది. నడుము వంచకుండా మోకాళ్ళ మీదకు దిగడం, తల నిలిపి చేతులు మాత్రం చాచడం రెండు రోజులు కిరీటంతోనే సాధన చేసింది. ప్రదర్శన రోజునే వేషం కట్టిన చిన్న జట్టు పిల్లల్లో ఇద్దరి తలపాగాలు వేదిక మీదే ఊడిపోయాయి. మేకప్ వేసే ముందే కడుపు నిండా తినిపించాలి. పెదవులకు రంగు పడ్డాక మజ్జిగ కూడా గొట్టంతో తాగవలసిందే.

మే 25 సాయంత్రం. వేదికకు ఎదురుగా ముందు వరుసలో తెనాలి పెద్దలు, పద్యం వచ్చినవాళ్ళు, పద్యంతోపాటు పెదవులు కదిపేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు పిల్లలకంటే ఎక్కువ భయం వేసింది. పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అంటారని, అప్పుడు ఏమి చేయాలో మాస్టారు ముందే నేర్పారు. తొందరపడకూడదు, నమస్కారం పెట్టి నటనలోంచి బయటికి రాకూడదు. పద్యానికి ముందు ఎక్కడ నిలబడ్డారో అక్కడికే వెళ్ళి, శ్రుతి అందేదాకా ఆగి, మొదటిసారి చెప్పినట్టే చెప్పాలి.

మా అమ్మాయి మూడు పద్యాలూ గీతలు పెట్టుకున్నట్టే పాడింది. మూడోదానిలో చెరిపేసిన గీత దగ్గర ఊపిరి తీసుకోకుండా సాగింది. నా చేతిలో కాగితం లేకపోయినా ఆ చోటు నాకు తెలుసు. చప్పట్లు పడ్డాయి. 'వన్స్ మోర్' మాత్రం సుయోధనుడికి వచ్చింది. మూడో వరుసలోంచి ఒక పెద్దాయన అన్నారు, తరువాత నలుగురైదుగురు అందుకున్నారు. ఆ అబ్బాయి ఒక్క క్షణం తడబడి వెనక్కి నడిచాడు. అందరి కళ్ళూ అతని మీదే ఉన్నాయి. నేను కాళ్ళ దగ్గర కూర్చున్న అర్జునుణ్ణి చూస్తున్నాను. తనూ మెడను మొదటి చోటికి తెచ్చుకుంది. చేతులు ఒడిలో సర్దుకుంది. పద్యం మళ్ళీ మొదలైంది, కోపం రావలసిన మాట వచ్చింది, మెడ మొదటిసారి ఎంత తిరిగిందో అంతే తిరిగింది.

కిరీటం, భుజకీర్తులు మరుసటి రోజు తిరిగి ఇచ్చి, కట్టిన బయానా తెచ్చుకున్నాం. జూన్‌లో బడి తెరిచారు. కొత్త తెలుగు వాచకం తెచ్చిన సాయంత్రం తను భోజనానికి పిలిచినా రాలేదు. వెళ్ళి చూస్తే మంచం మీద బోర్లా పడుకుని, పద్యం పక్కన పెన్సిలుతో గీతలు పెడుతోంది. "అమ్మా, ఇది ఎవరు ఎవరితో అంటున్నారు?" అని అడిగింది. పక్కన కూర్చుని మొదటి నుంచి చదివాను.