నడిసముద్రంలో కోరంటి

మా అత్తమ్మ పుట్టి పెరిగింది నల్లకుంటలో. మనం ఫీవర్ ఆస్పత్రి అంటున్నదాన్ని ఆమె ఈనాటికీ కోరంటి దవాఖానా అనే అంటుంది. నిజాం కాలంలో అంటురోగాల వాళ్లను విడిగా ఉంచడానికి పెట్టిన ఆస్పత్రి అది. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. చిన్నప్పుడు అల్లరి చేస్తే "కోరంటిల ఏసొస్త" అని బెదిరించేవాళ్లట. ఎవరూ వెయ్యలేదు. డెబ్బై ఎనిమిదో ఏట, సింగపూర్‌లో బయల్దేరిన ఓడలో, ఆమెను నిజంగానే కోరంటిలో వేయించింది నేను.

పెళ్లై పాతికేళ్లయిందని మా అమ్మాయి మాకు నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ చేసింది. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్, మళ్లీ సింగపూర్. అత్తమ్మను ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేం కాబట్టి మూడో టికెట్టు ఆమెకు. 2023 డిసెంబరు, క్రిస్మస్‌కు ముందు వారం. సరిగ్గా అప్పుడే కేరళలో జేఎన్.1 అని కొత్త రకం కరోనా కనపడిందని వార్తలు. సింగపూర్‌లో అయితే డిసెంబరు 3 నుంచి 9 దాకా ఒక్క వారంలోనే 56,043 కేసులని అక్కడి ఆరోగ్య శాఖ అంచనా వేసింది. అంతకు ముందు వారం 32,035. రద్దీ ఉన్నచోట మాస్కు పెట్టుకుంటే మంచిదని చెప్పారు తప్ప పెట్టుకుని తీరాలని ఎక్కడా లేదు. "టీవీ కట్టెయ్, పోదాం పద" అన్నారు మా ఆయన.

అత్తమ్మ మాత్రం లాక్‌డౌన్‌లో తన పాత వెంకటగిరి చీరలు కత్తిరించి కుట్టుకున్న మాస్కులు డజను, మా అమ్మాయి కొనిచ్చిన ఎన్95 పెట్టె ఒకటి, రెండు లైఫ్‌బాయ్ సబ్బులు సంచిలో పెట్టుకుంది. 2021 మేలో ఆమె పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. అప్పట్నుంచి మా అపార్ట్‌మెంట్ లిఫ్టెక్కినా మూతికి మాస్కు ఉండాల్సిందే. 2020లో తెలంగాణ ప్రభుత్వం మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్నప్పుడు మా వీధిలో అందరూ గడ్డం కింద పెట్టుకుని తిరిగారు, పోలీసును చూసి పైకి లాక్కునేవాళ్లు. జరిమానా పోయింది, మాస్కులూ పోయాయి. ఈమెకు జరిమానాతో పని లేదు.

మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో లైను పొడుగ్గా ఉంది. చెకిన్‌కు ముందు ఆరోగ్య పత్రం నింపాలి. జ్వరం ఉందా, దగ్గు ఉందా, ఈ మధ్య వాంతులు, విరేచనాలు అయ్యాయా. ముగ్గురివీ నేనే నింపుతున్నాను. ఆ ఉదయమే సెరంగూన్ రోడ్డు హోటల్లో మా ఆయన రెండుసార్లు బాత్‌రూమ్‌కు పరుగెత్తారు. నేను తలెత్తి చూశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఫ్లైట్ తిండి అంతే" అన్నారు మెల్లిగా. "లేదు" దగ్గర టిక్కు పెట్టాను.

ఉందని రాస్తే ఏమవుతుందో ఆ లైన్లో ఉన్న వాళ్లందరికీ తెలుసు. పక్కకు పిలుస్తారు, డాక్టరు చూస్తాడు, ఎక్కనివ్వకపోవచ్చు, కట్టిన డబ్బు ఏమవుతుందో దేవుడికెరుక. మా ముందున్న పెద్దాయన దగ్గుతూనే తన కాగితం మీద లేదు, లేదు, లేదు అని పెట్టుకుంటూ పోయాడు. ఆయన్ను చూసి నాకు కోపమొచ్చింది, విచిత్రం.

ఓడ సంగతి ఏం చెప్పను, హైటెక్ సిటీలో మాల్ ఒకటి నీళ్లలో తేలుతున్నట్టుంది. మొదటి రాత్రి బఫే గుమ్మం దగ్గర ఒక ఫిలిప్పీన్స్ అబ్బాయి చేతులు కడుక్కోమని పాట పాడుతూ శానిటైజర్ కొడుతున్నాడు. అత్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "గా సారా నీళ్లు నాకొద్దు బిడ్డా, నల్లా యాడుంది?" పక్కనే వాష్‌బేసిన్లు ఉన్నాయి. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుని, అప్పుడు ప్లేటు పట్టుకుంది. లైను ఆగింది. కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఒక కిట్టీపార్టీ బృందం వెనకే ఉంది. అందులో ఒకావిడ "కరోనా పోయి రెండేళ్లయింది పెద్దమ్మా" అంది నవ్వుతూ. అత్తమ్మ మాస్కు లోపలి నుంచే "పొయ్యేటప్పుడు నీకు చెప్పి పోయిందా?" అంది. నేను సిగ్గుతో ప్లేటులోకి తల దించుకున్నాను. దించాల్సిన కారణం అది కాదని తర్వాత తెలిసింది.

పెనాంగ్‌లో ఆయన దిగలేదు. "కాస్త నడుం వాలుస్తా, మీరు వెళ్లిరండి" అన్నారు. అత్తమ్మా నేనూ జార్జ్‌టౌన్‌లో క్వీన్ స్ట్రీట్ మహామారియమ్మన్ గుడికి వెళ్లాం. 1833లో కట్టిన గుడి. మశూచికి, అమ్మవారు పోసినందుకు మొక్కుకునే తల్లి. అత్తమ్మకు తమిళం రాదు, పూజారికి తెలుగు రాదు, కానీ ఆమె చెంపలు వేసుకుంటూ "ఈమె మన ఉజ్జయిని మహంకాళి అక్కనో చెల్లెనో" అని తేల్చేసింది. 1813లో లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో, గత్తర (కలరా) లేచినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే పల్టన్ మనిషి మా ఊళ్లో రోగం తగ్గితే గుడి కడతానని మొక్కుకోవడం, ఆ మొక్కే నేటి లష్కర్ బోనాలు కావడం మా ఇంట్లో ప్రతి ఆషాఢంలో వినే కథే. సముద్రాలు దాటొచ్చి మళ్లీ విన్నాను.

తిరుగు ప్రయాణంలో టాక్సీ నడిపిన తమిళ పెద్దాయన అద్దంలోంచి అత్తమ్మ మాస్కు చూసి "అమ్మా, అది మా ఊరి సరుకే" అన్నాడు హిందీ, ఇంగ్లిషు కలిపి. నాకు అర్థం కాలేదు. ఊ లియెన్ తే అని ఒక డాక్టరు, 1879లో ఈ పెనాంగ్‌లోనే పుట్టాడట. 1910 చలికాలంలో చైనా ఉత్తరాన మంచూరియాలో ప్లేగు లేస్తే ఆయన్ను హార్బిన్‌కు పంపారు. ఇది ఎలుకల మీది గోమారులతో కాదు, మనిషి ఊపిరితోనే అంటుతోందని ఆయన చెప్పాడు. పలచటి కట్టుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి మాస్కులు చేయించి డాక్టర్లకు, నర్సులకు కట్టించాడు. చైనా కుర్రాడు చెప్తే నేను వినాలా అనుకున్న మెస్నీ అనే ఫ్రెంచి డాక్టరు ఒట్టి మొహంతో రోగుల దగ్గరికి వెళ్లి, కొద్ది రోజుల్లో అదే ప్లేగుతో పోయాడు. ఇది అత్తమ్మకు తెలుగులో చెప్పాను. "కిట్టీపార్టామెకు చెప్పు" అంది.

ఓడకు తిరిగొచ్చేసరికి క్యాబిన్ తలుపు తీయగానే వాసన. ఆయన బాత్‌రూమ్ నేల మీద కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లయ్యాయో లెక్క లేదు. "ఎవరికీ ఫోన్ చెయ్యకు. రేపు ఫుకెట్. బంధిస్తారు. ఓఆర్‌ఎస్ ఉంది కదా, తగ్గిపోతుంది" అన్నారు. నేను ప్యాకెట్ చింపి నీళ్లలో కలుపుతున్నాను. నిజం చెప్పాలంటే చెయ్యకూడదనే నేనూ అనుకున్నాను.

అత్తమ్మ మంచం మీద నుంచి లేచింది. చెప్పులేసుకుంది. తలుపు తీసుకుని వరండాలోకి పోయి, తువ్వాళ్ల బండి తోసుకుంటూ వస్తున్న గోవా అబ్బాయిని ఆపి, తన నల్లకుంట ఉర్దూలో "బేటా, మేరే బచ్చే కో హైజా హోగయా" అంది.

హైజా అంటే కలరా. ఆ కుర్రాడి మొహంలో రక్తం లేదు. పది నిమిషాల్లో గౌను, గ్లౌజులు, మాస్కు వేసుకున్న ఇద్దరు మనుషులు, ఒక నర్సు మా గుమ్మంలో ఉన్నారు.

నర్సమ్మ కేరళ ఆవిడ. కలరా కాదు, లక్షణాలు చూస్తే నోరోవైరస్ అనుకోండి అంది. ఓడలో మీరొక్కరే కాదు అని కూడా అంది, ఎంతమందో చెప్పలేదు. వాంతి ఆగడానికి సూది వేసింది, దానికి డబ్బు తీసుకోలేదు. చివరి విరేచనం అయ్యాక 24 గంటలు గడిచేదాకా ఆయన క్యాబిన్ దాటకూడదు. మేమిద్దరం బఫేకు రాకుండా ఉంటే మంచిది. దుప్పట్లు విడి సంచిలో కట్టి పట్టుకుపోయారు. తలుపు పిడి, రిమోట్, లైటు స్విచ్చి, బాత్‌రూమ్ గోడలు కూడా మందు కొట్టి తుడిచారు. వెళ్లబోతూ అడిగింది: "ఎప్పుడు మొదలైంది?"

ఆయన "ఇవాళ మధ్యాహ్నం" అన్నారు. నేను నర్సు వైపు కాక కాగితం వైపు చూస్తూ "నిన్న పొద్దున, ఎక్కకముందే" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. రాసుకుంది. ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది. నిన్న రాత్రి బఫేలో ఆయన ఏ గరిటె పట్టుకున్నారో, ఏ కుర్చీ జరిపారో, లిఫ్టులో ఏ అంకె నొక్కారో వరసపెట్టి గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున నావంతు. దాని గురించి ఎక్కువ రాయను. ఫుకెట్‌లో పెద్ద ఓడ ఒడ్డుదాకా పోకుండా దూరంగా లంగరేస్తే జనం చిన్న పడవల్లో పటాంగ్ బీచ్‌కు వెళ్తారు. ఆ పడవలు వెళ్లడం, రావడం బాల్కనీలోంచి చూశాను. అదే నా థాయిలాండ్. భోజనం గుమ్మం బయట పెట్టి తలుపు కొట్టి వెళ్లిపోయేవాళ్లు. తెల్లన్నం, అరటిపండు, రొట్టె ముక్క. ఆవకాయ సీసా సూట్‌కేసులో ఉంది, ముట్టుకునే ధైర్యం లేదు.

పడుకుని ఫోన్లో చదువుతూ పోయాను. శానిటైజర్‌లో ఉండే ఆల్కహాల్ కరోనా మీద పనిచేసినంతగా నోరో మీద పనిచెయ్యదట. కరోనాకు పైన కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగించేస్తుంది. నోరోకు ఆ పొరే లేదు. సబ్బుతో రుద్ది పారే నీళ్లతో వదిలించుకోవాల్సిందే. అంటిన పన్నెండు గంటల నుంచి రెండు రోజుల లోపు బయటపడుతుంది. అమెరికా రేవులకు పోయే ఓడల్లో ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతం మందికి ఈ కడుపు జబ్బు వచ్చిందంటే అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ ఓడ పేరు బహిరంగంగా పెట్టేస్తుంది. అంటే నాలుగువేల మందిలో నూట ఇరవై. కానీ ఆ లెక్క వచ్చేది డాక్టరు దగ్గరికి పోయి చెప్పినవాళ్లతోనే. ఓఆర్‌ఎస్ కలుపుకుని తలుపేసుకున్నవాళ్లు అందులో ఉండరు.

డైమండ్ ప్రిన్సెస్ కూడా గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరిలో యొకొహామాలో ఆగిపోయిన ఓడ. 3,711 మందిలో 712 మందికి కరోనా. మనవాళ్లు 138 మంది ఉంటే అందులో 132 మంది పనిచేసేవాళ్లే. ప్రయాణికులు గదుల్లో విడిగా ఉన్నారు, వాళ్ల గుమ్మాల దగ్గరికి అన్నం మోసిన సిబ్బంది మాత్రం ఇరుకు గదుల్లో కలిసే పడుకున్నారు. అప్పుడు మా సోఫాలో కూర్చుని టీవీలో చూస్తూ అయ్యో అనుకున్నాం. ఇప్పుడు గోవా అబ్బాయి మా దుప్పట్లు మోసుకెళ్తున్నాడు. వాడి పేరైనా అడగలేదని రెండో రోజు గానీ తట్టలేదు.

"కోరంటిల ఎన్ని దినాలు పెడ్తరు?" అని అడిగింది అత్తమ్మ. ఒకప్పుడు నలభై అన్నాను. ఆ మాటే ఇటలీ వాళ్ల నలభైలోంచి వచ్చింది. ప్లేగు రోజుల్లో వెనిస్‌కు వచ్చిన ఓడలను నలభై రోజులు బయటే ఆపేవాళ్లు. "మనకొకటే దినం, అగ్గువల పడ్డది" అంది.

ఆమెకు ఏమీ కాలేదు. ఒకే గది, ఒకే బాత్‌రూమ్. గంటకోసారి లైఫ్‌బాయ్‌తో చేతులు కడుగుతూ, మా ఇద్దరి గ్లాసులూ వేరే పెట్టి, మాకు సేవ చేస్తూ మూడు రోజులూ గడిపింది. దాన్ని నేను ఇరవై ఐదేళ్లుగా చాదస్తం అని పిలుస్తున్నాను.

నాలుగో రోజు బయటికొస్తే ఓడ వేరేలా ఉంది. బఫేలో ఎవరి చేత్తో వాళ్లు వడ్డించుకోవడం లేదు, సిబ్బందే మాస్కులతో వడ్డిస్తున్నారు. బల్లల మీద ఉప్పు, మిరియాల సీసాలు మాయం. మెట్ల కటకటాలు ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు తుడుస్తూనే ఉన్నారు. చేతులు సబ్బుతో కడుక్కోండి అని కెప్టెన్ మైకులో చెప్తున్నాడు. కిట్టీపార్టీలో ఇద్దరు తగ్గారు. మొన్న నవ్వినావిడే అత్తమ్మ దగ్గరికి వచ్చి మాస్కులు మిగిలాయా అని అడిగింది. కడుపు జబ్బుకు మాస్కు కంటే సబ్బు ముఖ్యమని నేను చెప్పబోయాను. అత్తమ్మ నన్ను ఆపి, నాలుగు వెంకటగిరి మాస్కులతోపాటు విప్పని రెండో లైఫ్‌బాయ్ కూడా ఆమె చేతిలో పెట్టింది. ఆమె స్నేహితురాళ్లకు మా క్యాబిన్ నుంచే అంటిందా, వాళ్ల నుంచే మాకు అంటిందా, మరెక్కడినుంచో అందరికీ అంటిందా తెలుసుకునే దారి లేదు. నేను ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

ఓడ దిగే ముందు సింగపూర్‌లో అడుగుపెట్టడానికి ఫోన్లో అరైవల్ కార్డు మళ్లీ నింపాలి. అందులోనూ ఆరోగ్యం ప్రశ్నలున్నాయి. ఇప్పుడు వాంతులు, జ్వరం ఉన్నాయా అని. మాకు తగ్గి ఒక రోజు దాటింది, నర్సు చూసి పొమ్మంది. నిజంగానే లేవు. మా ఆయన "కొట్టెయ్ తొందరగా, లైను కదుల్తోంది" అన్నారు. ఈసారి లేదు అని నొక్కడానికి నాకు మొదటిసారి కంటే ఎక్కువ సేపు పట్టింది.

"నిజమే రాసినవా?" అంది అత్తమ్మ, మాస్కు సర్దుకుంటూ.