మజ్జిగ పందిరి మీదుగా అప్పన్న సన్నిధికి

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి, మర్నాడు పౌర్ణమి దర్శనం కూడా చేసుకుని ఇల్లు చేరాను. కాళ్ల వాపు ఇంకా తగ్గలేదు గానీ, మొక్కు తీరిందన్న తృప్తి ముందు అది లెక్కలోకి రావడం లేదు. నాన్నగారు ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆయన తన కాళ్లతో నడిచి మా వీధిలోకి వస్తే నీ కొండ చుట్టూ నడుస్తానని అప్పన్నకు మొక్కుకున్నాను. స్వామి నా మొర విన్నాడు. నాన్నగారు ఇంటికి వచ్చి, ఆ ఏడు వినాయక చవితి పందిరికి దగ్గరుండి రాటలు పాతించి, సంక్రాంతికి మనవలకు తన చేతులతో కొత్తబట్టలు పెట్టి, మాఘమాసంలో వెళ్లిపోయారు. ఏటిసూతకంలో కొండ ఎక్కకూడదు కనుక నిరుడు ఆషాఢం అలాగే గడిచిపోయింది. సంవత్సరీకాలు అయ్యాక ఈ ఏడు నడిచాను.

మాది విశాఖపట్నంలోని మురళీనగర్. నాన్నగారు హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. వీధిలో ఎవరికి పింఛను కాగితాలు నింపాలన్నా, ఎవరింట్లో మనిషి పోతే అర్ధరాత్రి పాడె సామాను తేవాలన్నా ముందు మా తలుపే తట్టేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడి ఊరంతా కరెంటు పోయినప్పుడు, వాడకం లేని పాత నూతికి గిలక బిగించి నీళ్లు తోడించి, ముసలివాళ్ల ఇళ్లకు బిందెలు తానే మోసుకెళ్లారు. ఇన్ని పనులున్నా ఆయన ప్రాణమంతా గిరి ప్రదక్షిణ రాత్రి మా వీధి మొదట్లో వేసే మజ్జిగ పందిరి మీదే ఉండేది. గ్లాసు నిండా పోయనిచ్చేవారు కాదు; అంతదూరం నడిచి వచ్చినవాళ్లు ఒక్కసారిగా తాగితే డొక్కలో పోటు వస్తుందనేవారు. అంచు మీద వేలు పడకుండా గ్లాసును అడుగున పట్టుకుని, నడిచేవాళ్లు ఆగకుండానే అందుకునేంత ఎత్తులో చేయి చాపి, ఒక్కొక్కరినీ 'గోవిందా' అని పలకరిస్తూ తెల్లవార్లూ నిలబడేవారు. తెల్లారాక గోనెసంచి పట్టుకుని రోడ్డు మీది గ్లాసులన్నీ ఏరేవారు. చిన్నప్పటి నుంచి నేను ఆయన పక్కన, బల్లకు ఇవతలే నిలబడ్డాను. అవతల నడిచి వచ్చేవాళ్ల ప్రాణం ఎలా ఉంటుందో ఈసారే తెలిసింది.

కొండ కింద మొదటి మెట్టు అయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాను. మొత్తం 32 కిలోమీటర్లు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక వరకు గోవింద నామాల ఉత్సాహంలో దూరమే తెలియలేదు. అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానానికి దిగిన జనంలో మాత్రం ఊపిరాడలేదు. తడిబట్టలతో ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు నడుస్తుంటే, హారన్లు కొడుతూ వాళ్ల మధ్య నుంచే మోటారు సైకిళ్లు తోలుకుపోయేవారికి కొండ చుట్టూ తిరిగిన పుణ్యం ఎలా దక్కుతుందో నాకు అర్థం కాదు. ప్రసాదం తిన్న ఆకుదొప్పలను ఉత్తకాళ్లతో నడిచే దారిలోనే విసిరేయడం చూసి మనసు కష్టపడింది.

కైలాసపురం దాటాక పిక్క పట్టేసింది. మడమ మీద బొబ్బ పగిలి, అడుగు కింద పెడితే కళ్లమ్మట నీళ్లు తిరుగుతున్నాయి. మూసి ఉన్న దుకాణం అరుగు పట్టుకుని నిలబడిపోయాను. వెనకాల వస్తున్న ఒక ముసలామె, ఆమె కూడా కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నదే, నా దగ్గర ఆగింది. "కూకో నాయనా, కాళ్లు సాపు" అని, చేతిసంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి పిక్క రాయడం మొదలుపెట్టింది. "పెద్దవారు, మీరు నా కాళ్లు పట్టుకోవడమేమిటమ్మా" అని వెనక్కి లాక్కోబోయాను. "అప్పన్న కొండ సుట్టూ తిరిగే కాళ్లు, ఎవులివైతే ఏటి" అని ఆమె వదల్లేదు. పాత చీర కొంగు చింపి మడమకు కట్టు కట్టింది. నేను లేచి అడుగు వేసేదాకా కూర్చుని, "సింహాద్రి అప్పన్నా" అనుకుంటూ జనంలో కలిసిపోయింది. పేరైనా అడగలేకపోయాను.

మాధవధార దాటి మా వీధి మొదటికి వచ్చేసరికి పందిరి దీపాలు కనిపించాయి. నాన్నగారు పోయాక కూడా వీధి కుర్రాళ్లు పందిరి మానలేదు. తువ్వాలు తలకు చుట్టుకున్న నన్ను పోల్చుకోకుండానే ఒక అబ్బాయి గ్లాసు అందించాడు. ముప్పాతికే పోశాడు. అడుగున పట్టుకున్నాడు. అది అందుకుంటూ నేను ఏడ్చేశాను. ఆ అబ్బాయి కంగారుపడి, ముఖంలోకి చూసి, "అన్నయ్యా, మీరా!" అని పట్టుకున్నాడు.

మర్నాడు కొండ మీద క్యూలో గంటలకొద్దీ నిలబడ్డాం. వరస తప్పించి ముందుకు వెళ్లిపోయేవారిని చూసినప్పుడల్లా అమ్మ "నామం చెప్పుకో, వాళ్ల సంగతి నీకెందుకు" అని నన్ను మందలించింది. ఏటా స్వామికి నాలుగు విడతలుగా చందనం పూస్తారు; ఆషాఢ పౌర్ణమి కనుక ఆ రోజు ఆఖరి విడత, మూడు మణుగులు సమర్పిస్తారు. కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ముందుకు కదిలాక, హారతి వెలుగులో చందనపు ముద్దగా స్వామి ఒక్క క్షణం కనిపించాడు. ఏం కోరుకోవాలో తోచలేదు. నాన్నగారి పేరు, గోత్రం మాత్రం నోటికి వచ్చాయి. అంతలోనే "నడవండి, నడవండి" అని పక్కకు తప్పించారు. అమ్మను అడిగితే తానూ ఆయన పేరే చెప్పానంది.

వచ్చే ఏడు పందిరిలో కొన్ని మార్పులు చేద్దామని వీధిలో అందరితో మాట్లాడాను. మజ్జిగలో ఉప్పు ఇంకాస్త వేయాలి. అంత చెమట పట్టాక చప్పటి మజ్జిగ దిగదు. పక్కనే రెండు బెంచీలు, కొబ్బరినూనె సీసాలు, కట్టు గుడ్డలు పెట్టాలి. కాళ్లకు నూనె రాసే పని నేను తీసుకుంటానని చెప్పాను. బెంచీలకు ఇనుప చట్రాలు తాను వెల్డింగు చేసి ఇస్తానని నాన్నగారి దగ్గర పని నేర్చుకున్న ఒకాయన ఒప్పుకున్నాడు.