సరస్వతి ఆకు కోసం రెండు నర్సరీలు

అమ్మ మా దగ్గరికి వచ్చి వారం కాకముందే అడిగింది: "సరస్వతి ఆకు మొక్క దొరుకుతుందేమో చూడు నాయనా, పచ్చడి చేసుకుందాం." విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాది మూడో అంతస్తు. వాము ఆకు, తిప్పతీగ, కరివేపాకు, పుదీనా కూడా చీటీలో రాసుకుని బయలుదేరాను.

మొదటి నర్సరీలో సరస్వతి ఆకు అనగానే బ్రాహ్మి కావాలా అంటూ ఒక కుండీ చేతికిచ్చారు. అరవై రూపాయలు. ఇంటికి తెస్తే అమ్మ ఒక ఆకు గిల్లి చూసి, ఇది కాదంది. ఆకులు చిన్నవి, దళసరివి, గరిటెలా ఉన్నాయి. అది జలబ్రాహ్మి. సరస్వతి ఆకు గుండ్రంగా, అంచున సన్నని నొక్కులతో, కాడ దగ్గర చీలికతో ఉంటుంది. బ్రాహ్మి అనే పేరు రెండింటికీ వాడుకలో ఉంది కాబట్టి అమ్మినవారిని తప్పుపట్టలేను. పేరు చెప్పి ఊరుకోకుండా ఆకు ఎలా ఉండాలో కూడా నేను చెప్పి ఉండాల్సింది.

మరుసటి ఆదివారం అమ్మను వెంటబెట్టుకుని మధురవాడ వైపు ఇంకో నర్సరీకి వెళ్లాను. కడియం నుంచి మొక్కలు అప్పుడే దిగినట్టున్నాయి, కవర్ల మట్టి ఇంకా తడిగా ఉంది. నేను నిగనిగలాడే ఆకులు చూసి మొక్క ఎత్తబోతుంటే అమ్మ ఆపింది. ఒక్కో ఆకూ తిరగేసి తెల్లదోమ, పిండినల్లి ఉన్నాయేమో చూసింది. కవరు అడుగున వేర్లు చుట్టలు చుట్టుకుని బయటికొచ్చిన కరివేపాకు మొక్కను పక్కన పెట్టి, పొట్టిగా ఉన్నా కొత్త చివుళ్లు వేస్తున్నదాన్ని తీసుకుంది. రెబ్బ నలిపి వాసన చూశాకే సరే అంది. ఆ వాసన నాకూ అందింది. మా ఊరి పెరడు గుర్తొచ్చింది.

సరస్వతి ఆకు నీడవల కింద, చిత్తడి నేలలో తీగలు సాగి ఉంది. కణుపు కణుపుకీ వేర్లు. అక్కడి పనివాడు ఒక తీగను మట్టితో సహా తవ్వి ఇచ్చాడు.

తిప్పతీగ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాం. అసలు తీగ ముదిరితే పైన కాగితంలాంటి పలుచని పొర లేస్తుంది. కాండమంతా బుడిపెలుంటే అది తిప్పతీగను పోలిన వేరే మొక్క. ఆ పోలిక మొక్కను వాడవద్దని 2022లో కేంద్ర ఆయుష్ శాఖ కూడా హెచ్చరించింది. అక్కడున్న తీగలన్నీ లేతవి, పొర లేవలేదు, ఏదీ తేల్చుకోలేకపోయాం. కొనకుండానే వచ్చేశాం. కషాయానికి వాడేదాన్ని అనుమానంతో తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

వాము ఆకు మొక్క ముప్పై రూపాయలు. పుదీనా కొననివ్వలేదు అమ్మ. రైతుబజారు కట్టలోంచి నాలుగు గట్టి కాడలు ఏరి గ్లాసు నీళ్లలో పెట్టింది. పది రోజులకు తెల్లని వేర్లు వచ్చాయి.

మా బాల్కనీకి సముద్రం నుంచి ఉప్పుగాలి నేరుగా కొడుతుంది. అందుకని సరస్వతి ఆకును పిట్టగోడ చాటున, నేల మీదే పెట్టాం. రెండో నెలలో పిడికెడు ఆకు కోసి కొబ్బరితో పచ్చడి చేసింది అమ్మ. జలబ్రాహ్మినీ పారేయలేదు. పక్క కుండీలో లేత ఊదారంగు పూలు పూస్తోంది.