అది విని నువ్వేం చేశావమ్మా?

చెన్నైలో అడయారు వంతెన దాటినప్పుడల్లా మా అమ్మాయికి ఆంధ్ర మహిళా సభ చూపించి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ ఎత్తుకోవడం నాకు అలవాటు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసింది, తను హిందీ నేర్చుకుని ఆడపిల్లల కోసం హిందీ బడి పెట్టింది, 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర నిలబడి టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపేసింది, అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళే అని చెబుతాను. మానేసిన చదువుని తర్వాత మళ్ళీ అందుకుని లా దాకా వెళ్ళిందనీ, 1937లో మద్రాసులో ఈ సభ మొదలుపెట్టిందనీ చెబుతాను. ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతు పూడుకుంటుంది.

పోయిన జూన్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా మళ్ళీ మొదలుపెట్టాను. మా అమ్మాయి కిటికీలోంచి చూస్తూ, "ఈ కథ నాకు వచ్చమ్మా. అది విని నువ్వేం చేశావో చెప్పు" అంది.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను ఏదో అనబోయేలోగా పక్కన ఆగిన బస్సు చూపించి, "నువ్వు ఈ ఊరొచ్చి పదహారేళ్ళయింది కదా, ఆ బోర్డు మీద ఏం రాశారో చదువు" అంది. చదవలేకపోయాను. తమిళం మాట్లాడతాను, కూరగాయల బేరం ఆడతాను, ఆఫీసులో మీటింగులు నడుపుతాను. అక్షరాలు మాత్రం ఒక్కటీ రావు. "నేను తమిళం చదవాలి, ఇంగ్లీషు చదవాలి, హిందీ చదవాలి. నువ్వు ఒక్కటి కూడా నేర్చుకోలేదు. నాకు తెలుగు రాయడం వద్దమ్మా" అనేసింది.

ఆ మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఎందుకంటే పాప తెలుగు చదువు గురించి నేను చేసినదంతా నాకు తెలుసు. ప్రతి ఉగాదికీ ఒక కొత్త కాపీ పుస్తకం కొనేదాన్ని. ఎవరిదో మంచి ఉపన్యాసం విన్న రాత్రి నిద్రపట్టక, తెల్లారేసరికి టైంటేబుల్ గీసేదాన్ని. రోజూ గంట, ఆదివారం రెండు గంటలు. అచ్చులు పూర్తయ్యేసరికి నా ఆఫీసులో రిలీజులో, దాని స్కూల్లో పరీక్షలో వచ్చేవి. సర్దుతుంటే అటక మీద అలాంటి పుస్తకాలు నాలుగు దొరికాయి. నాలుగూ "ఋ" దగ్గరే ఆగిపోయాయి. ఊగిపోయిన రాత్రికీ పనిచేసిన పగటికీ మధ్య నేనెప్పుడూ వంతెన కట్టలేదు. పైగా తప్పు పిల్ల మీదికి నెట్టేదాన్ని. "నీకు శ్రద్ధ లేదు" అని కావలిలో ఉన్న మా అమ్మకి వినపడేట్టు ఫోన్లోనే అనేదాన్ని. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

దానికి తమిళం తప్పదు. 2006లో వచ్చిన చట్టంతో ఆ ఏడాది ఒకటో తరగతిలో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి చొప్పున పెంచుతూ ఈ రాష్ట్రంలో బళ్ళలో తమిళం తప్పనిసరి చేశారు. అందులో నాకు ఫిర్యాదేమీ లేదు, ఉంటున్న ఊరి భాష పిల్లలకి రావాల్సిందే. కాకపోతే దాని టైంటేబుల్లో తెలుగుకి చోటు లేదు, ఉంటే గింటే మా భోజనాల బల్ల మీదే ఉండాలి. ఆ బల్ల దగ్గర నేనెప్పుడూ టీచర్నే అయ్యాను తప్ప, దాని పక్కన కూర్చుని నేర్చుకునే మనిషిని కాలేదు.

రెండు రోజులాగి దాన్నే అడిగాను, "నాకు తమిళం నేర్పుతావా?" అని. దాని ఒకటో తరగతి వాచకం తెచ్చి నా ముందు పెట్టింది. రాత్రి గిన్నెలు సింకులో వేశాక పదిహేను నిమిషాలు. నేను తమిళం ఒక పేజీ, అది తెలుగు ఒక పేజీ. టైంటేబుల్ గీయలేదు, కొత్త పుస్తకం కొనలేదు, పాత బిల్లుల వెనక రాసుకున్నాం.

నేర్చుకోవడం మొదలుపెట్టాక గానీ దాని కష్టం నాకు అర్థం కాలేదు. తమిళంలో అచ్చులు 12, హల్లులు 18, వాటి గుణింతాలు 216, ఆయ్దం అనే ప్రత్యేక అక్షరం ఒకటి, మొత్తం 247. వినడానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ మనకున్నన్ని హల్లులు లేవు. క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. ప, బ లకీ ఒకటే. గాంధీ అని రాసినా కాంతి అని రాసినా కాగితం మీద ఒకేలా ఉంటుంది, సందర్భాన్ని బట్టి నోరే తేల్చుకోవాలి. మూడు వారాలకి ఒక సాయంత్రం బస్టాపులో నిలబడి, వస్తున్న బస్సు బోర్డు కూడబలుక్కున్నాను. పి, రా, ట్, వే. పిరాట్వే ఏమిటి? బస్సు దగ్గరికొచ్చేసరికి వెలిగింది, బ్రాడ్వే! అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు నాకేమైందో. కళ్ళు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేసి మా అమ్మాయికే ముందు చెప్పాను. "తలైవీ!" అని అరిచింది, అంటే నాయకురాలా అని.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ వాచకంలో ఒకచోట బండి ఱ తగిలింది. ఆకారం వేరు, అక్షరం అదే. మనం ఎప్పుడో వదిలేసిన అక్షరం అక్కడ రోజువారీ మాటల్లో తిరుగుతోంది. మా తాతయ్య ఉత్తరాల్లో "ఎఱ్ఱ" అని ఉండేది, చిన్నప్పుడు నేను దాన్ని చేతిరాత తప్పనుకునేదాన్ని. తాతయ్య పోయి ఇరవై రెండేళ్ళు. తమిళ పుస్తకంలో ఆయన అక్షరం చూసి ఆ రాత్రి పాపకి ఆయన గురించి చాలాసేపు చెప్పాను. అది మధ్యలో లేవలేదు, ఫోన్ ముట్టుకోలేదు. దుర్గాబాయి కథకి లేని చెవి దీనికెలా వచ్చిందో నాకు తెలియదు. నేను ఏదీ నేర్పాలని చూడకుండా చెప్పినందుకేమో.

ఎవరైనా అడిగితే ఇదివరకు గట్టిగా చెప్పేదాన్ని, పిల్లలకి గొప్పవాళ్ళ కథలు చెప్పండి, స్ఫూర్తి అదే వస్తుందని. ఇప్పుడు మాత్రం ఉత్సాహం వచ్చిన పూటే అతి చిన్న పని ఒకటి ముగించి పడుకోండి, రేపటికి పెద్ద పథకం వెయ్యకండి అంటాను. అలా అంటూనే నాకు అనుమానం. అక్టోబరులో పరీక్షలని అది పది రోజులు తెలుగు ముట్టుకోలేదు. నేను ఒక్కదాన్నే కూర్చుని తమిళం రాసుకున్నాను. నాలుగో రోజుకి పిలుద్దామని నోటిదాకా వచ్చింది. ఇది ఒప్పందమే అయితే పిలవచ్చు. కానీ నేను తమిళం నేర్చుకుంటున్నది తమిళం కోసమా, దాన్ని లొంగదీసుకోవడానికా? నిజం చెప్పాలంటే మొదట్లో రెండోదే. ఇప్పుడేది ఎక్కువో తేల్చి చెప్పలేను. పదకొండో రోజు అదే వచ్చి కూర్చుంది. రాకపోయి ఉంటే నేనింత నెమ్మదిగా ఉండేదాన్నని మాటివ్వలేను.

నా తమిళంలో తప్పులు అది పెన్సిల్‌తోనే దిద్దుతుంది. నేను అనడానికి తమిళంలో నాన్ అంటారు. అంత చిన్న మాటలో ఉన్న రెండు న లూ వేరువేరు అక్షరాలు. నేను రెండూ ఒకటే రాస్తాను, ఇప్పటికీ. చివరి దాని చుట్టూ సన్నగా సున్నా చుట్టి, "ఇది మాట మొదట్లోది అమ్మా, చివర ఇంకోటి వస్తుంది" అని పక్కన రాసి పెడుతుంది. ఒక్కసారి కూడా శ్రద్ధ లేదనలేదు.

పోయిన ఆదివారం అది తనంతట తనే పోస్టుకార్డు తీసి అమ్మమ్మకి రాసింది. "అమ్మమ్మా, బాకున్నావా. నాకు సెలవులకి అక్కడికి రావాలని ఉంది. మామిడికాయలు ఉంచు." నా చెయ్యి పెన్ను మీదికి పోయింది. ఆరు నెలల క్రితమైతే "బాకున్నావా" ఏమిటని ఎర్రగా కొట్టేసేదాన్ని. ఆ క ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు నాకు తెలుసు. దిద్దాలా వద్దా అని చాలాసేపు కార్డు పట్టుకుని కూర్చున్నాను. దిద్దకపోతే అలాగే అలవాటవుతుందేమోనన్న భయం ఇంకా ఉంది. చివరికి వేరే కాగితం మీద పెన్సిల్‌తో క, గ పక్కపక్కన రాసి దాని పుస్తకంలో పెట్టాను.

కార్డు ఉన్నదున్నట్టే డబ్బాలో వేశాం. గురువారం అమ్మ ఫోన్ చేసింది. "బాకున్నానని చెప్పు దానికి" అంది.