నా వంతు రొట్టె

ఊపిరితిత్తుల్లో క్షయ అని తేలిన వారంలోనే మా క్రైస్తవ సంఘంలో ప్రభు భోజనం వచ్చింది. యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన అది, 'బల్ల' అని కూడా అంటాం. నేను వెళ్లలేదు. దగ్గు ఆగడం లేదు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, పైగా మందులు మొదలైన కొత్తలో నలుగురిలోకి వెళ్లవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పెరంబూరులో మాది రెండు గదుల ఇల్లు. వెనక గది నాదయింది.

ఒకప్పుడైతే నాలాంటివారిని తాంబరం శానిటోరియంకు పంపేవారు. ఇంట్లోనే ఉంచి మందులిచ్చినా అంతే బాగా నయమవుతుందని, దానివల్ల ఇంట్లోవారికి ముప్పేమీ పెరగదని తేల్చింది ఈ మద్రాసులోనే 1956లో మొదలైన పరిశోధన. ఈ ఊరి పేటల్లోని పేద రోగులే అందులో పాల్గొన్నారు. వారి పుణ్యమా అని నా పిల్లల గొంతులు గోడ అవతలి నుంచి వింటూ పడుకోగలిగాను.

జబ్బు కన్నా ఎక్కువగా నన్ను కుంగదీసింది ఒక వాక్యం. మా సంఘంలోని ఒక పెద్దావిడ ఫోను చేసి, ప్రేమగానే, "బల్లలో చేయి వేసే ముందు నిన్ను నువ్వు పరీక్షించుకుంటున్నావా అమ్మా?" అని అడిగారు. ఏ వచనం మనసులో పెట్టుకుని అడిగారో నాకు వెంటనే తెలిసింది. అయోగ్యంగా తిని తాగేవారి గురించి చెబుతూ, అందువల్లనే మీలో చాలామంది బలహీనులు, రోగులు అయ్యారని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మాట. చిన్నప్పటి నుంచీ ప్రతి నెలా మొదటి ఆదివారం వింటున్నదే. ఛాతీలో నొప్పితో పడుకున్నప్పుడు అది నా పేరు పెట్టి రాసినట్టు అనిపించింది. ఎవరిని నొప్పించాను? ఏ పాపం ఒప్పుకోకుండా వదిలేశాను? రాత్రంతా ఇదే వెతుకులాట.

మా ఆయన యోహాను సువార్త 9వ అధ్యాయం తీసి చదివారు. పుట్టు గుడ్డివాణ్ని చూపించి, ఎవరు పాపం చేస్తే ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అన్నాడు యేసు. అది విన్నాక కొంత ఊపిరి ఆడింది. కానీ పౌలు మాట అక్కడే ఉంది కదా.

పరగడుపున మాత్రలు వేసుకున్నాక మధ్యాహ్నం దాకా వికారం. మూత్రం నారింజ రంగులో వచ్చేది. రిఫాంపిసిన్ వల్ల అలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. తాలింపు వాసన సోకితే చాలు, దుప్పటి ముఖం మీదికి లాక్కునేదాన్ని. ఆ పూటల్లోనే మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయాన్ని 17వ వచనం నుంచి చివరిదాకా మళ్లీ మళ్లీ చదివాను. మా సంఘంలో ఎప్పుడూ 23వ వచనం నుంచే మొదలుపెడతారు. ఆ పైన ఉన్నదంతా అన్నం గొడవ. కొరింథులో ప్రభు భోజనమంటే నిజంగానే భోజనం. కలిగినవారు ముందే తినేసేవారు, కొందరు మత్తెక్కేదాకా తాగేవారు, లేనివారు ఆకలితో కూర్చునేవారు. లేనివారిని సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడ్డాడు. చివర్లో చెప్పిన మందు కూడా అదే: భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరికోసం ఒకరు ఆగండి.

ఆయన కోపం తోటివారిని ఆకలితో వదిలేసినవారి మీద. దాన్ని ఊరూరా మంచం పట్టిన ప్రతి మనిషి మీద మోపడం అన్యాయం. ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పుడు ఏ సంకోచమూ లేదు.

ఇక ఫరవాలేదని డాక్టరు చెప్పాక, ఒక ఆదివారం మధ్యాహ్నం మా పాస్టరు అయ్యగారు, వారి భార్య అమ్మగారు వచ్చారు. అమ్మగారి చేతిలో స్టీలు డబ్బా, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్ల గుడ్డ. లోపల పులియని రొట్టె ముక్క. కత్తితో కోసింది కాదు, విరిచింది. ఒక అంచున పెనం మీద మాడిన మచ్చ. "పొద్దున అందరం విరిచిన రొట్టెలోదేనమ్మా, నీ వంతు తీసి ఉంచాం" అన్నారు అయ్యగారు. గొంతు దిగుతుందో లేదోనని భయపడ్డాను. చిన్న చిన్న తునకలుగా నమిలాను. దిగింది. ద్రాక్షరసం పుల్లగా, చల్లగా నాలుకకు తగిలింది. జబ్బు పడ్డాక వికారం లేకుండా నోట్లోకి వెళ్లింది అదే.

క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే విశ్వాసి, క్రైస్తవులు ఏం చేస్తారో వివరిస్తూ చక్రవర్తికి రాశాడు. కృతజ్ఞతాస్తుతి అయ్యాక పరిచారకులు అక్కడున్నవారికి పంచి, రాలేనివారికి ఇళ్లకు తీసుకెళ్తారని అందులో ఉంది. 325లో సంఘాల బిషప్పులు కూడిన నీకయ మహాసభ కూడా చావుబతుకుల్లో ఉన్నవారికి దీన్ని దూరం చేయకూడదని నియమం పెట్టింది. రొట్టెలో క్రీస్తు నిజంగా ఉంటాడా, అది గుర్తు మాత్రమేనా అన్న దాని మీద సంఘాలు విడిపోయాయి. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో సంఘ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చుని కూడా ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. మాది బాప్టిస్టు సంఘం. ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకోవడమే అని నేర్పారు, నేనూ అదే నమ్ముతాను. అయితే ఇన్నాళ్లూ ఆ జ్ఞాపకం నాకూ ప్రభువుకూ మధ్య ఏకాంతంలో జరిగేదనుకున్నాను. ఒక్కటే రొట్టె గనుక అనేకులమైనా ఒక్క శరీరమే అని అదే పౌలు రాశాడు. అది నాకు మంచం మీద తెలిసింది.

మందుల కోర్సు పూర్తయ్యాక గుడికి వెళ్లాను. ఒకే పాత్రలో తాగడానికి భయపడి, 1890లలో అమెరికాలో చిన్న చిన్న కప్పులు వాడుకలోకి తెచ్చారు. ఆ భయాల్లో క్షయ కూడా ఒకటి. నిజానికి క్షయ గాలి ద్వారా సోకుతుంది గానీ గిన్నెల వల్ల కాదు. అయినా కప్పుల పళ్లెం నా వరుసలోకి వచ్చేసరికి నా చేతులు వణికాయి. ఫోను చేసిన పెద్దావిడే వచ్చి నా పక్కన కూర్చున్నారు. పళ్లెం నా చేతుల్లోంచి అందుకుని, ముందు నాకొక కప్పు ఇచ్చి, తర్వాత తాను తీసుకున్నారు.

17వ వచనం నుంచి చదవమని అయ్యగారిని అడిగాను. ఇప్పుడు అలాగే చదువుతున్నారు. రొట్టె విరవకముందే రాలేనివారి పేర్లు చెప్పి, వారి వంతు తీసి పక్కన పెడుతున్నారు. ప్రభు భోజనం ఉన్న ఆదివారాల్లో అమ్మగారితో పాటు నేనూ వెళ్తున్నాను: వ్యాసర్‌పాడిలో డయాలసిస్ మీద ఉన్న ఒక తమ్ముడు, తుంటి విరిగిన ఒక అవ్వ, కాన్పయి నెల తిరగని ఒక అమ్మాయి.